ఊపిరికి ఎత్తైన చోటు

సూరతు నగరపు ఆగ్నేయ భాగమున లింబాయత్ అను పేట కలదు. మరమగ్గముల చప్పుడులోనే అక్కడివారికి తెల్లవారును. ఆ చప్పుడులోనే ప్రొద్దు గ్రుంకును. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి నేతపనికై వలసవచ్చిన పద్మశాలీలు ఇక్కడ తరములుగా స్థిరపడియున్నారు. ఖాందేశ్ మరాఠీలు, ఉత్తరప్రదేశ్ వారు, ఒడియా వారు వారికి ఇరుగుపొరుగు. సూరతు నగరపాలక సంస్థ ఏడు భాషలలో బడులు నడుపుచున్నది. వానిలో తెలుగు ఒకటి. బతుకమ్మ పండుగనాడు ఈ సందులలో నిలిచి చూచినవారికి తాము గుజరాతులో ఉన్నామన్న సంగతి కొంతసేపు మరపునకు వచ్చును.

నేను ఈ పేటలో కాపురముండి అనువాదములు చేసికొనువాడను. హిందీనుండి తెలుగునకు, అప్పుడప్పుడు తెలుగునుండి హిందీకి. ఇన్నేండ్లలోను నాకు లొంగని మాటలు కొన్ని మిగిలియున్నవి. 'ఖాడీ' అనునది వానిలో ఒకటి. నిఘంటువు చూచినచో అఖాతము, సముద్రపు పాయ అని యుండును. సూరతులో ఖాడీ అనగా అది కాదు. ఊరిలో కురిసిన వానను, ఊరి మురుగును కలిపి మోసికొనిపోవు ప్రవాహము. మా పేట ప్రక్కన పారు మీఠీ ఖాడీ అటువంటిదే. 'మీఠీ' అనగా తీయనిది. వేసవిలో దాని ఒడ్డున నడచినవారు ఆ పేరును నమ్మజాలరు. దీనిని వాగు అని అనువదించినచో ఇసుకతిన్నెలు, రెల్లుపొదలు కన్నులముందు నిలుచును. మురుగుకాలువ అన్నచో, అది పొంగి ఇండ్లలోనికి వచ్చునపుడు కనబడు బలము ఆ మాటలో ఇమడదు. కావున ఇక్కడి తెలుగువారందరు అన్నట్లే నేనును ఖాడీ అనియే వ్రాయుదును.

సూరతునకు వరదలు రెండు విధములు. ఒకటి తాపీనది వలన వచ్చునది. 2006 ఆగస్టులో, సుమారు నూరు కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయి జలాశయమునుండి వదలిన నీటితో నగరములో అధికభాగము మునిగినది. రెండవది ఖాడీ వరద. దీనికి నది పొంగనక్కరలేదు. నగరములోను, పైపల్లెలలోను కుండపోతగా కురిసినచో చాలును. 2024 జూలైలోను, 2025 జూన్‌లోను అట్లే జరిగినది. తాపీవరదకు ముందుగా కబురు వచ్చును. ఖాడీవరద గడపదాక వచ్చిన పిమ్మటగాని తెలియదు.

ఒకప్పుడు ఈ నీటినుండి కాపాడుకొనవలసినవి మగ్గపు మోటార్లు, నూలు చుట్టిన బీములు, బియ్యపు డబ్బాలు. ఇప్పుడు సందుసందునకు కార్లు వచ్చినవి. మా అక్క కొడుకు రింగురోడ్డు బట్టల బజారులో చీరల దళారీ. మూడేండ్ల క్రిందట అతడు వాయిదాల పద్ధతిపై ఒక పాత పెట్రోలు కారు కొనెను. మూటలు మోయుటకు అదియే, తండ్రిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు అదియే. మా బావగారు ముప్పది యేండ్లు మగ్గముల నడుమ బ్రదికినవారు. మొదట భీవండీలో నూలుబట్ట మగ్గములు, తరువాత ఇక్కడ పాలియెస్టరు చీరల మగ్గములు. ఇప్పుడు ఆయనకు ఉబ్బసము. ముసురు పట్టినదన్న చాలు, మంచముమీద పండుకొనలేక గోడకు ఆనుకొని తెల్లవార్లు కూర్చుండును.

ఒక శీతకాలమున మేనల్లుడు ఆ కారునకు క్రొత్త 'ముక్కు' పెట్టించెను. ముక్కు అనునది మా బావగారి మాట. ఇంజను గాలి పీల్చుకొను మార్గమునకు మెకానిక్కులు ఇన్‌టేకు అందురు. ఇంజనుతోబాటు వచ్చిన నల్లని ప్లాస్టిక్కు పెట్టెను, దాని గొట్టమును ఊడదీసి, బజారులో అమ్ము మెరుగుపెట్టిన లోహపు గొట్టమును, దాని కొసకు శంకువువలె నుండు ఎఱ్ఱని ఫిల్టరును బిగించుదురు. దానివలన బలము పెరుగునందురు. చప్పుడు మాత్రము తప్పక పెరుగును.

"మామా, సప్పుడు ఇను. ఇప్పుడు బండి గాలి మంచిగ పీలుస్తున్నది" అని మేనల్లుడు మురిసిపోయెను.

గోడకు ఆనుకొని కూర్చున్న తండ్రి, "నా ముక్కు సంగతి ఎవ్వడు పట్టించుకోడు గని, బండికి ముక్కు పెట్టిచ్చిండు" అనెను. నాటినుండి మా ఇంటిలో దానికి ముక్కు అనియే పేరు. ఇన్‌టేకు అను మాటకు నేను వెదకి పెట్టదలచిన తెలుగులలో ఏదియు దీనికి సరిరాలేదు.

మేనల్లుడు చెప్పినదానిలో కొంత నిజము లేకపోలేదు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో దాదాపు పదునైదు పాళ్ల గాలి కావలెను. అనగా ఒక లీటరు పెట్రోలునకు సుమారు 9 వేల లీటర్ల గాలి. ఇంజను త్రాగు పెట్రోలుకంటె పీల్చు గాలియే మిక్కిలి యెక్కువ. అందులోను చల్లని గాలి చిక్కనిది. 60 డిగ్రీల వేడిగాలికంటె 30 డిగ్రీల గాలి దాదాపు పదింట ఒక వంతు బరువెక్కువ. ఇంజను ప్రక్కనే ముక్కు పెట్టినచో అది వేడిగాలిని పీల్చును. కావున గొట్టమును పొడిగించి, చల్లని గాలి తగులునట్లు ముందు చక్రము ప్రక్కకో, బంపరు వెనుకకో, క్రిందికి దింపుదురు. మేనల్లుని కారునకు చేసినదియు ఇదియే. చల్లదనము కొరకు ముక్కు నేలకు దగ్గరైనది. టేపు పెట్టి కొలిచితిమి. మునుపటి ముక్కు నేలకు రెండున్నర అడుగుల ఎత్తున, దీపముల వెనుక ఉండెడిది. క్రొత్తది ఒక అడుగునకు కొంచెము పైన.

మే నెల చివర ఆ కారును చూచిన పేట మెకానిక్కు మొదట అడిగినది పాత పెట్టె ఎక్కడనున్నదని. అతడు ఖాందేశ్ వాడు. అందరును ఉస్తాద్ అందురు. మాతో హిందీలో మాటలాడును. "గాడీ భీ సాఁస్ లేతీ హై, సాహబ్" అనెను. బండియు ఊపిరి తీసికొనును, కాని గాలి ఏదో నీరు ఏదో దానికి తెలియదు. మూతిముందు ఏదియున్న దానిని పీల్చును, అని అతని మాటలకు అర్థము.

అటకమీదనుండి పాత పెట్టెను దింపి అతని ముందు పెట్టితిమి. అతడు దానిని త్రిప్పి త్రిప్పి చూపెను. దాని మూతి సూటిగా ముందునకు లేదు, ప్రక్కకు వంగియున్నది. ఎదురు వానజల్లు నేరుగా లోపలికి పోరాదని. గొట్టము పైకెక్కి మరల దిగును. గాలి ఆ మలుపు తిరుగును, బరువైన నీటిబొట్లు తిరుగలేక ప్రక్కకు కొట్టుకొనును. పెట్టె అడుగున చిన్న బెజ్జము. ప్రమాదవశమున చేరిన నీరు కారిపోవుటకు. చూచువారికి అనవసరముగా చుట్టు తిరిగినట్లు, స్థలము దండుగ చేసినట్లు తోచు ఆ పెట్టెలో ప్రతి వంపునకు ఒక పని కలదు. అనువాదకునకు ఇది క్రొత్త సంగతి కాదు. మూలములో పనిలేనట్లు కనబడు మాటను తీసివేసినచో వాక్యము చులుకనై పరుగెత్తును; రెండు పుటల తరువాత కథ ఎక్కడనో కుంటును. అప్పుడుగాని ఆ మాట ఏమి మోయుచుండెనో తెలియదు.

నీరు ఇంజనును ఎట్లు చంపును? మంటను ఆర్పివేయునని పెక్కుమంది తలంతురు. అది నిజమే కాని అంతటితో ముగిసిన, ఆరబెట్టుకొని పోవచ్చును. అసలు అపాయము వేఱు. మేనల్లుని కారు 1200 సీసీలది, సిలిండర్లు నాలుగు. ఒక్కొక్క సిలిండరులో పిస్టను 300 సీసీల చోటు ఊడ్చుచు పైకి వచ్చును. గాలిని పదింట ఒక వంతునకు నొక్కు ఇంజనైనచో, పిస్టను పైకొసకు వచ్చినప్పుడు దానిపై మిగులు చోటు ముప్పదిమూడు సీసీలు మాత్రమే. గాలి నొక్కిన నణగును, నీరు అణగదు. అనగా వంట గరిటెలో సగము నీరు సిలిండరులో చేరినచో పిస్టను పైకి పోవుటకు దారి లేదు. కాని తిరుగుచున్న ఇంజను ఆగదు. పిస్టనును త్రోయు ఇనుపకడ్డీ వంగును, లేదా విరిగి ఇంజను గోడను చీల్చుకొని వెలుపలికి వచ్చును. దీనికి హైడ్రోలాక్ అని పేరు. డీజిలు ఇంజను గాలిని ఇంకను గట్టిగా నొక్కును గనుక దానికి ఇంకను తక్కువ నీరు చాలును.

ఇది వినినవారు వానలో కారు తీయుటకే భయపడనక్కరలేదు. తుంపరగా పోవు నీటివలన ఇంజను చావదు. రెండవ ప్రపంచయుద్ధమున కొన్ని యుద్ధవిమానముల ఇంజనులలోనికి, బలము పెంచుటకై, నీటిని తుంపరగా చల్లెడివారు. వానజల్లు వేఱు, మునక వేఱు. ముక్కు నీటిలో మునిగినదా, గొట్టము పుల్లతో శర్బతు పీల్చినట్లు పీల్చును. 3 వేల చుట్లు తిరుగు 1200 సీసీల ఇంజనుకు, కాలు పూర్తిగా త్రొక్కినయెడల, నిమిషమునకు 1800 లీటర్ల గాలిని పీల్చు శక్తి కలదు. ఆ శక్తి ముందు పావులీటరు నీరెంత?

ముక్కును మార్చుకొన్నవారు నీటినుండి కాపాడుకొనుటకు మార్గములు లేకపోలేదు. ఉస్తాద్ వానిని ఒక్కొక్కటిగా చెప్పెను. మొదటిది ఫిల్టరునకు తొడుగు గుడ్డ. వీణకు గవిసెనవలె శంకువునకు తొడుగుదురు. నీరంటని మందు పూసిన ఆ గుడ్డ చక్రము ఎగజిమ్ము నీటిని, వానజల్లును జార్చివేయును. మునిగినచో మాత్రము ఆపలేదు. రెండవది గొట్టము మధ్యలో, ఎత్తైన చోట బిగించు తలుపు. ఫిల్టరు మునిగి పీల్పు బిగిసినప్పుడు ఆ తలుపు తెరచుకొని పైనున్న గాలిని లోనికి విడుచును. నీరు ఆ తలుపుదాక వచ్చినచో అదియు వ్యర్థమే. టర్బో ఉన్న ఇంజనులకు దానిని పెట్టరాదు. మూడవది, చక్రమునకు ఇంజనునకు నడుమనున్న ప్లాస్టిక్కు అడ్డును, బంపరు క్రింది పలకను తీయకుండుట. క్రొత్త గొట్టమునకు చోటు చాలలేదని పెక్కుమంది వానిని కోసివేయుదురు. ఆ అడ్డే ఎగజిమ్ము నీటిని ఆపునది. నాలుగవది అన్నిటికంటె సులభము: వర్షాకాలమున ముక్కును తిరిగి పైకి మార్చుట.

నాలుగవ మార్గము మానవుడు ఎప్పుడో కనిపెట్టినదే. 1944 జూన్ 6న నార్మండీ తీరమున సేనలు దిగినప్పుడు, నీటిలో దిగవలసిన టాంకులకు గాలి, పొగ మార్గములను ఎత్తైన రేకు గొట్టములతో పైకి పెంచిరి. అడవులలో ఏరులు దాటు జీపులకు ముందద్దము ప్రక్కగా కప్పుదాక పోవు గొట్టము నేటికిని కనబడును. ఊపిరి మార్గమును నీటికంటె ఎత్తున నిలుపుట యొక్కటే అందరును చేసినది.

మేనల్లుడు తొడుగు గుడ్డ మాత్రము కొనెను. దాని ఖరీదు తక్కువ, ముక్కు అందము చెడదు. మిగిలినవి తరువాత చూతమనెను.

జూన్ చివర ఒక రాత్రి పదకొండు గంటలకు బావగారికి ఊపిరి ఆడలేదు. పీల్చు మందు రెండుసార్లు ఇచ్చినను కుదుటపడలేదు. పెదవులు నల్లబడుచుండెను. సాయంకాలమునుండి వాన వెలియలేదు; ఖాడీ వైపు సందులలో నీరు ఎక్కుచున్నదని కేకలు వినబడుచుండెను. మేనల్లుడు కారు తీసెను. అక్కయు నేనును ఆయనను నడుమ కూర్చుండబెట్టుకొంటిమి.

పెద్దాసుపత్రికి దగ్గరి త్రోవ రైలుపట్టాల క్రిందినుండి పోవును. అటువంటి దారిని ఇక్కడ గరనాలా అందురు. పల్లము గనుక నీరు మొదట చేరునది అక్కడనే. మేము పోవునప్పటికి దానిలో ఒక కారు దిగి సగము దూరమున ఆగియుండెను. నీటిలో నడచు వాహనము తనముందు ఒక అలను త్రోసికొనిపోవును. నిలుకడ నీటికంటె ఆ అల ఎత్తు. ఎదురుగా బస్సు వచ్చినచో దాని అల వేఱు. ఆ కారు యజమాని లోపల కూర్చుండి తాళము త్రిప్పుచునే యుండెను. ఒకసారి, రెండుసార్లు. మూడవసారి లోహము లోహమునకు కొట్టిన చప్పుడొకటి వచ్చినది. తరువాత ఏ చప్పుడును లేదు.

మా కారు గట్టుననే ఆగినది. వెనుక బావగారి ఊపిరి పిల్లనగ్రోవివలె సన్నగా కూయుచుండెను. అక్క, "పోనియ్యి బిడ్డా, పోనియ్యి" అనుచుండెను. మేనల్లుడు మాటలాడక దిగి, నీటిలో నడచిపోయెను. పది అడుగులలో నీరు మోకాలు దాటినది. వెనుకకు వచ్చి, "అమ్మా, ఇండ్ల దిగితే మనం ఈడనే ఉంటం. బాపు సుత ఈడనే ఉంటడు" అని బండి వెనుకకు త్రిప్పెను.

పైవంతెన మీదుగా చుట్టు తిరిగి పోయితిమి. అయిదు నిమిషముల దారి ముప్పావుగంట పట్టినది. ఆ సేపంతయు నేను ఆయన వీపు నిమురుచు ఒక్కొక్క ఊపిరిని లెక్కించుచుంటిని. ఆసుపత్రిలో మూతికి మాస్కు పెట్టి మందును పొగవలె పీల్పించిరి. నాలుగు గంటల వేళకు కూత తగ్గినది. పెదవులకు రంగు వచ్చినది.

తెల్లవారుజామున ఆయన మాస్కు కొంచెము ప్రక్కకు తీసి, "మన మార్కండేయుడు సుత నీళ్లల్లనే తిరిగిండు గద" అని నవ్వెను. పద్మశాలీలు మార్కండేయుని తమ మూలపురుషునిగా కొలుతురు. భాగవతమున ద్వాదశస్కంధములో అతని ప్రళయకథ కలదు. లోకమంతయు నీరై, అతడొక్కడే ఆ నీటిలో కొట్టుకొనిపోవుచు, మఱ్ఱియాకుపై పవ్వళించిన శిశువును చూచును. ఆ శిశువు ఊపిరి పీల్చినప్పుడు దోమవలె లోనికి పోయి, మునిగినదనుకొన్న లోకమంతయు అక్కడ పదిలముగా నుండుట కనుగొనును. ఊపిరి విడిచినప్పుడు మరల నీటిలో పడును. ఈ కథను నేను పెక్కుసార్లు చదివితిని. నీటికి పైన, ఒక ఆకుమీద, ఊపిరి నిలిచియుండుటవలననే లోకము నిలిచినదన్న మాట ఆ ఉదయమునగాని నా మనసునకు తట్టలేదు.

నాలుగు దినముల తరువాత నీరు తీసినది. గరనాలాలో ఆగిన కారును త్రాడు కట్టి ఉస్తాద్ దగ్గరకే తెచ్చిరి. నీటిలో ఆగిన బండిని మరల తాళము త్రిప్పకుండ లాగించి, స్పార్కు ప్లగ్గులు తీసి, ఇంజనును చేతితో త్రిప్పి నీరు కక్కించి, నూనె పాలవలె తెల్లబడినదేమో చూచినచో పెక్కుమార్లు అది బ్రదుకును. ఈ కారునకు ఆ అదృష్టము దాటిపోయినది, కడ్డీ వంగినది. వరద నష్టమునకు బీమా ఉన్నను, నీటిలో తాళము త్రిప్పుటవలన ఇంజనునకు కలిగిన నష్టమును సాధారణపు పాలసీ భరింపదు. దానికి వేఱుగా రుసుము చెల్లించి ఇంజను రక్షణ తీసికొనవలెను. ఆ కారు ముక్కు పాతదే, ఎత్తైనదే. లోతెరుగక దిగినవానిని ఏ ముక్కును కాపాడదు. ఒక అడుగు లోతున పారు నీరు చిన్న కార్లను కొట్టుకొనిపోగలదని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ హెచ్చరించుచున్నది. అప్పుడు ఇంజను ఊపిరితో పనియేలేదు. చక్రపు నడిబొడ్డు మునుగు నీటిలో దిగరాదని ఉస్తాద్ చెప్పు హద్దు. మా కారునకు అంతకంటె కొంచెము పైననే క్రొత్త ముక్కు ఉండెను. అల లేచినచో ఆ కొంచెమును చాలదు.

మేనల్లుడు ఎవరును అడుగకుండనే అటకమీది పెట్టెను దింపెను. దుమ్ము తుడిచి, క్రొత్త కాగితపు ఫిల్టరు వేసి, అడుగు బెజ్జములో పుల్లతో మట్టి తీసి, ఉస్తాద్‌చేత బిగింపించెను. ఎఱ్ఱని శంకువును పారవేయలేదు. బతుకమ్మ ఆడి వానలు వెనుకబట్టిన పిమ్మట పెండ్లినగవలె దానిని వెలికితీయుదునని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచెను. "ఎండలు తగ్గినంక నాలుగు నెలలు సప్పుడు ఇంట మామా" అనెను. అందులో నాకు తప్పు కనబడలేదు. వయసులో నున్నవానికి చప్పుడును కావలెను గదా.

ఉస్తాద్ మరియొక పని చేసెను. ఒక తెల్లని రంగుడబ్బా తెచ్చి, బండి ముందు ప్రక్కన రెండు గీతలు గీసెను. పై గీత ముక్కు ఉన్న ఎత్తు. క్రింది గీత చక్రపు నడిబొడ్డు ఎత్తు. పై గీత తెలిసికొనుటకనియు, క్రింది గీత ఆగుటకనియు హిందీలో చెప్పెను. అది చూచి సందులోని వారు నలుగురైదుగురు తమ బండ్లకును గీయించుకొనిరి. రంగునకు అతడు డబ్బు తీసికొనలేదు.

ఆ వర్షాకాలమున ఖాడీ మరి రెండుసార్లు ఎక్కినది. బావగారికి ఒకసారి రాత్రివేళ ఆయాసము వచ్చినది. గరనాలాలో ఆనాడు నీరు పాదము మునుగునంత మాత్రమే. అయినను మేనల్లుడు గట్టున బండి ఆపి, దిగి, ఆ కొస వరకు నడచి చూచి వచ్చెను. వెనుక కూర్చున్న తండ్రి ఈసారి తొందరపెట్టలేదు. మందు పీల్చుచు, కొడుకు తిరిగి వచ్చుదాక కిటికీలోనుండి చూచుచుండెను.